కీనా, బటనా? చిన్న విమానం స్టార్టింగ్ సమస్యలు, పరిష్కారాలు

కారులో కీ తీసేస్తే ఇంజన్ ఇక కదలదని ధీమాగా ఉంటాం. చిన్న విమానం దగ్గర ఆ ధీమా ప్రాణం మీదకు తెస్తుంది. లైకమింగ్, కాంటినెంటల్ ఇంజన్లలో ఎక్కువ వాటికి స్పార్క్ ఇచ్చేది బ్యాటరీ కాదు, ఇంజన్‌తో పాటు తిరిగే రెండు మాగ్నెటోలు. మాగ్నెటోను ఆపాలంటే పీ-లీడ్ అనే తీగను ఎర్త్ చేయాలి. పాత మోపెడ్ల కిల్ స్విచ్ పని కూడా ఇదే. ఆ తీగ తెగినా, ఊడినా మాగ్నెటో ఆన్‌లో ఉన్నట్టే లెక్క. కీ మీ జేబులో ఉన్నా సరే, ప్రొపెల్లర్‌ని చేత్తో కదిపితే ఇంజన్ అందుకోవచ్చు.

కీ స్విచ్ ఒక్కటే మూడు పనులు చేస్తుంది: ఎడమ మాగ్నెటో, కుడి మాగ్నెటో, సెల్ఫ్. బటన్ పద్ధతిలో మాగ్నెటోలకు రెండు టాగుల్ స్విచ్‌లు, సెల్ఫ్‌కి ఒక బటన్ విడిగా ఉంటాయి. కీ అయినా బటన్ అయినా సెల్ఫ్ మోటార్ లాగే భారీ కరెంటును మోయవు. ఆ భారీ కరెంటును కలిపి తెంచే పెద్ద రిలే, అంటే కాంటాక్టర్, దాని కాయిల్‌కి కాస్త కరెంటు పంపుతాయి, అంతే. అందుకే స్టార్టింగ్ ఇబ్బంది రాగానే కీ తీసేసి బటన్ పెట్టడం చాలాసార్లు డబ్బు దండగ. ఒక విమానానికి అలా బటన్ పెట్టించారు. మర్నాడు ఉదయం మళ్లీ అదే తంతు. చివరికి చూస్తే ఇంజన్ ఎర్త్ కేబుల్ బోల్టు వదులుగా ఉంది.

ఏ చప్పుడూ లేదు

మాస్టర్ స్విచ్, ఫ్యూజ్ లేదా బ్రేకర్ ముందు చూడండి. అవి బాగుంటే, ఇంకొకరిని కీ తిప్పమని కాంటాక్టర్ చిన్న టెర్మినల్ దగ్గర వోల్టేజ్ కొలవాలి. కాంటాక్టర్ రకాన్ని బట్టి కొలిచే చోటు మారుతుంది కాబట్టి వైరింగ్ డయాగ్రం చేతిలో ఉండాలి. మనుషులు ప్రొపెల్లర్ తిరిగే పరిధికి బయటే నిలబడాలి. వోల్టేజ్ రాకపోతే లోపం స్విచ్‌లోనో తీగలోనో ఉంది. వస్తున్నా కాంటాక్టర్ టక్‌మనకపోతే కాంటాక్టరో, దాని ఎర్తో పోయింది.

స్విచ్ కాంటాక్టులు కాలిపోవడానికి ఒక పాత కారణం ఉంది. కాంటాక్టర్ కాయిల్‌కి కరెంటు ఆగిన క్షణంలో ఎదురు వోల్టేజ్ పుట్టి స్విచ్‌లో నిప్పురవ్వ లేస్తుంది. కాయిల్‌కి అడ్డంగా ఒక చిన్న డయోడ్ పెడితే అది అణిగిపోతుంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన 93-05-06 నంబరు ఆదేశంలో ఏసీఎస్, గెర్డెస్ కంపెనీల కీ స్విచ్‌ల తనిఖీతో పాటు ఈ డయోడ్ సంగతి కూడా ఉంది. బటన్ పెట్టినా డయోడ్ తప్పదు, బటన్ కాంటాక్టులు కూడా అలాగే కాలతాయి.

టక్‌మంటుంది, సెల్ఫ్ తిరగదు

ఇక్కడ స్విచ్ తన పని చేసేసింది. బ్యాటరీ, కేబుళ్లు, ఎర్త్ చూడాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ పోస్టుల మధ్య, ఆ తర్వాత సెల్ఫ్ దగ్గర వోల్టేజ్ కొలిచి తేడా చూడండి. బ్యాటరీ దగ్గర బాగుండి సెల్ఫ్ దగ్గర పడిపోతుంటే, మధ్యలో ఒక్కో జాయింటూ కొలుచుకుంటూ వెళ్లాలి. పాత పైపర్ చెరొకీల్లో వాడిన అల్యూమినియం కేబుళ్ల చివర్లు తుప్పు పట్టి ఇలాగే ఏడిపిస్తాయి.

తేలికపాటి విమానాల్లో వాడే రోటాక్స్ 912 ఇంజన్‌లో ఇదే లోపం వేరే వేషంలో వస్తుంది. సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. ఆ ఇంజన్ ఇగ్నిషన్‌కి దాదాపు 220 ఆర్పీఎం వస్తే గానీ స్పార్క్ రాదు. ప్లగ్గులు మార్చే ముందు బ్యాటరీ చూడండి. ఒకసారికి 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి, తర్వాత 2 నిమిషాలు చల్లారనివ్వండి.

కీ వదలగానే అందుకుంటుంది

ఇది అందరినీ తికమక పెట్టే లక్షణం. కీ స్టార్ట్‌లో ఉన్నంతసేపూ ప్రొపెల్లర్ ఊరికే తిరుగుతుంది. విసుగొచ్చి వదిలేసిన క్షణంలో ఇంజన్ అందుకుంటుంది.

చాలా లైకమింగ్ ఇంజన్లలో ఇంపల్స్ కప్లింగ్ ఎడమ మాగ్నెటోకే ఉంటుంది. అది స్ప్రింగును బిగబట్టి ఒక్కసారిగా వదిలి, స్పార్క్‌ను ఆలస్యంగా, బలంగా ఇస్తుంది. కుడి మాగ్నెటోను స్టార్ట్ స్థానంలో కీ స్విచ్ ఎర్త్ చేసి పక్కన పెడుతుంది. అంటే స్టార్ట్ చేసే భారమంతా ఎడమదాని మీదే. అది పనిచేయకపోతే స్పార్కే ఉండదు. కీ వదలగానే కుడిది కలుస్తుంది, ప్రొపెల్లర్ ఇంకా ఊపులో ఉంటుంది కాబట్టి ఇంజన్ అందుకుంటుంది.

రనప్‌లో, అంటే ఎగిరే ముందు నేల మీద చేసే ఇంజన్ పరీక్షలో, ఎడమ మాగ్నెటో మీద ఇంజన్ మామూలుగా నడిస్తే, అనుమానం రెండిటి మీదకు వస్తుంది: ఇంపల్స్ కప్లింగ్, లేదా స్టార్ట్ స్థానంలో ఎడమదాన్ని కూడా ఎర్త్ చేస్తున్న కీ స్విచ్. ఓమ్ మీటరుతో తేలుతుంది. పీ-లీడ్లు విప్పితే మాగ్నెటోలు రెండూ ఆన్ అయినట్టే కాబట్టి ముందు అన్ని స్పార్క్ ప్లగ్గుల లీడ్లూ పీకేయండి. ఈ మెట్టు ఎవరు తొందరపెట్టినా వదలొద్దు. తర్వాత కీ స్టార్ట్‌లో పట్టుకుని చూస్తే స్విచ్ ఎడమ టెర్మినల్‌కి ఎర్త్ కనబడకూడదు, కుడి టెర్మినల్‌కి కనబడాలి. అలా ఉంటే కీ మంచిదే, మాగ్నెటో విప్పి కప్లింగ్ చూడాలి.

ఎదురు తన్నుతుంది

బుల్లెట్ కిక్ ఎదురు తన్నడం తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కుడి మాగ్నెటో స్టార్ట్‌లో ఎర్త్ కాకపోతే, పిస్టన్ పైకి రాకముందే, చాలా ఇంజన్లలో 25 డిగ్రీల ముందే, స్పార్క్ ఇస్తుంది. ప్రొపెల్లర్ వెనక్కి తన్ని సెల్ఫ్ గేర్లు విరుగుతాయి. కొత్త కీ స్విచ్ వేసినప్పుడు వెనక ఉండే చిన్న జంపర్ పట్టీ మరిచిపోతే ఇదే జరుగుతుంది. రెండు మాగ్నెటోలకూ ఇంపల్స్ కప్లింగ్ ఉన్న ఇంజన్లకు ఆ జంపర్ వద్దు.

టాగుల్, బటన్ పద్ధతిలో అసలు బలహీనత ఇక్కడే ఉంది. కీ తనంతట తాను చేసే పని, ఇక్కడ పైలట్ గుర్తుపెట్టుకుని చేయాలి: ఎడమది ఆన్, కుడిది ఆఫ్, బటన్, ఇంజన్ అందుకున్నాక కుడిది ఆన్. బేగంపేటలో సెస్నా కీకి అలవాటుపడి, తర్వాత అమెరికాలో ఇంట్లో కట్టిన విమానం నడిపే మనవాళ్ల చేయి ఆ క్రమాన్ని మరవడం సహజం. స్విచ్‌ల పక్కనే లేబుల్ అంటించండి. బటన్ కరెంటును కుడి టాగుల్ ఆఫ్‌లో ఉంటేనే వెళ్లేలా వైరింగ్ చేస్తే ఇంకా మంచిది.

ఇంజన్ నడుస్తున్నా సెల్ఫ్ వదలదు

కీ స్ప్రింగ్ అలసి స్టార్ట్‌లో ఇరుక్కోవచ్చు, బటన్ అతుక్కోవచ్చు, కాంటాక్టర్ లోపల కాంటాక్టులు కరిగి అతుక్కోవచ్చు. కాంటాక్టరే అతుక్కుంటే కీ తీసినా లాభం లేదు. మిక్స్చర్ లీవర్‌తో ఇంధనం కట్ చేసి, మాస్టర్ ఆఫ్ చేయండి. సెల్ఫ్ ఆన్‌లో ఉందని చెప్పే చిన్న ఎర్ర లైటు ఏ పద్ధతికైనా పెట్టించుకోండి.

మాగ్నెటో చెక్‌లో ఆర్పీఎం పడటం లేదు

ఈ చెక్‌లో ఒక్కో మాగ్నెటో మీదే ఇంజన్ నడిపి చూస్తాం, ఆర్పీఎం కాస్త పడాలి. అసలు పడకపోతే సంతోషించకండి, పీ-లీడ్ తెగి ఉండొచ్చు. ఇంజన్ ఆపేముందు, తక్కువ ఆర్పీఎంలో కీని ఒక్క క్షణం ఆఫ్‌కి తెచ్చి వెనక్కి తిప్పండి. ఇంజన్ చావబోతే మంచిది. ఆగకుండా నడిస్తే, ప్రొపెల్లర్ దగ్గరికి ఎవరినీ రానివ్వకుండా బోర్డు పెట్టి మెకానిక్‌ని పిలవాలి. బెండిక్స్ కంపెనీ కీ స్విచ్‌లకు ఈ పరీక్ష ప్రతి 100 గంటలకూ చేయాలని ఎఫ్ఏఏ 76-07-12 నంబరు ఆదేశం. టాగుల్ స్విచ్‌లు ఉన్నా నేను చేయమనే చెబుతాను. అరిగిన కీ ఆఫ్ కాని చోట కూడా బయటికి వచ్చేస్తుంటే ఆ స్విచ్ మార్చాల్సిందే.

మరి ఏది పెట్టాలి?

సర్టిఫైడ్ ట్రైనర్‌లో, అంటే ప్రభుత్వ ఆమోదం ఉన్న శిక్షణ విమానంలో, కీనే ఉంచండి. విద్యార్థులు మారుతుంటారు, మరుపు ఖాయం, స్విచ్ మార్పుకి ఆమోదం ఉన్న డేటా, ఇంజనీర్ సంతకం కూడా కావాలి. సొంతంగా కట్టుకునే విమానానికైతే నా ఓటు టాగుల్, బటన్‌కే. ఒక భాగం చెడితే అదొక్కటే చెడుతుంది, దొరకడం తేలిక, కీ పోతుందన్న టెన్షన్ ఉండదు. బటన్‌ని మాత్రం మోకాలు, హెడ్‌సెట్ తీగ తగలని చోట, చుట్టూ గట్టు ఉన్న రకంగా పెట్టండి. దొంగతనం భయం ఉంటే తలుపుకి తాళం, ప్రొపెల్లర్‌కి తాళం వేసుకోవచ్చు. ప్రొపెల్లర్ తాళం బిగించేటప్పుడు కూడా మాగ్నెటో ఆన్‌లోనే ఉందనుకుని బిగించండి.