న్యూయార్క్‌లో మన వైపు తిండి: ఎక్కడ దిగాలి, ఏం అడగాలి

కొత్తగా వచ్చిన మనవాళ్ళు చాలామంది ఫోన్‌లో ఇండియన్ రెస్టారెంట్ అని కొట్టి, పైన వచ్చినదానికి వెళ్ళి, బటర్ చికెన్, నాన్ తినేసి ఇంతేనా అనుకుంటారు. నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఈ ఊళ్ళో బంగ్లాదేశ్ వాళ్ళు, నేపాలీలు, శ్రీలంక వాళ్ళు ఇంట్లో తినేదే షాపుల్లో వండి పెడుతున్నారు. నేను చెప్పేది ఒక్కటే, ఆ హోటల్ వాళ్ళ మనుషులు ఏం తింటున్నారో అదే అడగండి.

ముందు క్వీన్స్‌లో జాక్సన్ హైట్స్ వెళ్ళండి, 7 ట్రైన్ గానీ E ట్రైన్ గానీ ఎక్కితే చాలు. స్టేషన్ బయట డైవర్సిటీ ప్లాజా, ఆ పక్కనే 73వ వీధి, అదంతా బంగ్లాదేశీలదే. మెనూ అడగొద్దు, అద్దం వెనక ట్రేలు చూసి ఈరోజు చేప ఏముందని అడగండి, ఆవ పెట్టి వండిన ఇలిష్ ఉంటే వదలొద్దు, మన పులసే అది, కాకపోతే ముళ్ళు ఎక్కువ కాబట్టి చేత్తోనే తినాలి. పక్కన బేగున్ భర్తా తీసుకోండి, కాల్చిన వంకాయ పచ్చడే, కానీ పోపు ఉండదు, పచ్చి ఆవనూనె ఘాటు నేరుగా ముక్కుకి ఎక్కుతుంది, వేడన్నంలో కలిపితే ఇంకేం అక్కర్లేదు. ట్రేల్లోది మైక్రోవేవ్‌లో వేడి చేసి ఇస్తారు, అందుకే మధ్యాహ్నం వెళ్తేనే బాగుంటుంది.

బయట బండి మీద ఫుచ్కా అమ్ముతారు. చూడ్డానికి పానీపూరీయే, లోపల ఉడికిన బఠానీ ముద్ద, పైన ఉడకబెట్టిన గుడ్డు తురుము, చింతపండు నీళ్ళు విడిగా ఇస్తే మనమే పోసుకోవాలి. గుడ్డు తినని వాళ్ళు ముందే చెప్పండి. క్యాష్ కూడా పెట్టుకోండి.

అదే చుట్టుపక్కల నేపాలీ, టిబెటన్ షాపుల్లో మోమోలు, వాటిల్లో జోల్ మోమో తప్పకుండా తినాలి, నువ్వులు టమాటా వేసిన పులుసులో తేలుతూ వస్తాయి. ఒట్టి మోమో అంటే చాలాచోట్ల బీఫే పెడతారు, తినకపోతే చికెన్ అనో వెజ్ అనో గట్టిగా చెప్పండి, మొహమాటపడొద్దు.

దోసె మీద మనసు పోతే 7 ట్రైన్‌లోనే చివరి స్టాప్ ఫ్లషింగ్ దాకా వెళ్ళి బౌన్ స్ట్రీట్‌లో గణేశ్ గుడికి నడవండి. 1977లో ప్రతిష్ఠ చేసిన గుడి అది, కింద క్యాంటీన్ ఉంటుంది, అంతా శాకాహారమే. దర్శనం చేసుకుని కిందికి దిగి వేడి దోసె తింటే ఆ ఆదివారం సార్థకం. మన గోంగూర, మన బిర్యానీ కావాలంటే మాత్రం నది దాటి న్యూజెర్సీ ఎడిసన్ వెళ్ళడమే మంచిది.

శ్రీలంక తిండికి స్టాటెన్ ఐలండ్ వెళ్ళాలి, మాన్‌హాటన్ కింది కొస నుంచి ఫెర్రీ, టికెట్ లేదు, 25 నిమిషాలు. దిగి విక్టరీ బూలవార్డ్ వైపు నడిస్తే హోటళ్ళు కనిపిస్తాయి. కొత్తు రోటీ చెప్పండి, పెనం మీద రెండు రేకులతో రోటీ, గుడ్డు, కూర కలిపి టకటకా కొడతారు, కారం మనకి సరిపోతుంది, తగ్గించమనొద్దు. తిరుగు ఫెర్రీ కూడా ఫ్రీయే, రాత్రంతా నడుస్తుంది కాబట్టి నిదానంగా తినండి.