గోడ మీద తెలుగు అక్షరాల వాన కురిపించడం ఎలా

కమీల్ అట్టర్‌బ్యాక్, రోమీ అచిటువ్ 1999లో చేసిన ‘టెక్స్ట్ రెయిన్’లో పైనుంచి రాలే అక్షరాలు చూసేవాళ్ల తలల మీద, చాచిన చేతుల మీద వచ్చి ఆగుతాయి. ఆ పద్ధతిలోనే తెలుగు అక్షరాలతో, 6 మీటర్ల పొడవున్న గదిలో చేసుకునే ఏర్పాటు ఇది. ప్రొజెక్టర్ అక్షరాల్ని గోడ మీద వేస్తుంది, కెమెరా మనుషుల్ని చూస్తుంది, కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ ఈ రెండింటినీ కలుపుతుంది.

ముందు ఒక్క విషయం పట్టుకోవాలి. మామూలు వెబ్‌క్యామ్ పెడితే దానికి మనిషితో పాటు గోడ మీది బొమ్మ కూడా కనిపిస్తుంది. అక్షరాల్నే మనుషులనుకుని ప్రోగ్రామ్ తికమకపడుతుంది. అందుకని కంటికి ఒక వెలుతురు, కెమెరాకి వేరే వెలుతురు ఇవ్వాలి. ఆ రెండోది మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్.

ప్రొజెక్టర్: త్రో రేషియో (గోడకి ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 0.5 ఉన్నది తీసుకోండి. 3 మీటర్ల వెడల్పు బొమ్మకి లెన్స్ గోడకి 1.5 మీటర్ల దూరంలో ఉంటే చాలు. పైకప్పుకి బిగించి, నేల మీద గోడకి 1.8 మీటర్ల దూరంలో టేపు అంటించండి. జనం ఆ గీత ఇవతలే నిలబడితే బొమ్మకి అడ్డు రారు. లేజర్ లేదా ఎల్‌ఈడీ రకం మేలు, పాత ల్యాంపు రకాల నుంచి కొంత ఇన్‌ఫ్రారెడ్ బయటికొస్తుంది.

కెమెరా: ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ లేని యూఎస్‌బీ కెమెరా, 2.8–12 మి.మీ. లెన్స్‌తో. గోడకి 5 మీటర్ల దూరంలో, జనం వెనక, తలలకి పైగా బిగించండి. చూసేవాళ్ల వైపు నుంచే చూస్తుంది కాబట్టి బొమ్మని అద్దంలోలా తిప్పక్కర్లేదు. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటితే రిపీటర్ (సిగ్నల్‌ని మళ్లీ బలపరిచేది) ఉన్నది వాడాలి.

లెన్స్ ముందు మామూలు వెలుతురుని ఆపి ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలే 850 నానోమీటర్ల (తరంగదైర్ఘ్యం) ఫిల్టర్ పెట్టండి. సరిగ్గా పనిచేస్తోందా అన్నది ఇలా చూడాలి: టీవీ రిమోట్‌ని కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కితే దాని కొసన తెల్లటి చుక్క మెరవాలి, ఫోన్ టార్చ్ వేస్తే దాదాపు ఏమీ కనిపించకూడదు. తర్వాత ప్రొజెక్టర్‌లో పూర్తి తెలుపు, పూర్తి నలుపు మార్చి మార్చి వేయండి. కెమెరా బొమ్మలో తేడా రాకూడదు.

సీసీటీవీకి వాడే 850 నానోమీటర్ల దీపాలు రెండు కావాలి. వాటిని మనుషుల మీదికి తిప్పకండి. నల్ల చొక్కా కూడా ఇన్‌ఫ్రారెడ్‌లో చాలాసార్లు తెల్లగా కనిపిస్తుంది. గోడకే వెలుతురు పడితే, మనిషి ఏ బట్ట కట్టినా ఆ గోడ ముందు నల్లటి ఆకారంగా తేలతాడు. గోడ నుంచి మీటరు దూరంలో చెరో పక్కా పైన బిగించి, కుడి దీపాన్ని ఎడమ సగానికి, ఎడమ దీపాన్ని కుడి సగానికి తిప్పితే వెలుతురు సమంగా పరుచుకుంటుంది. గదిలో పాత ఫిలమెంట్ బల్బులు, కిటికీలోంచి ఎండ ఉంటే మాత్రం ఇదంతా వృథా.

కెమెరాలో ఆటో ఎక్స్‌పోజర్ తప్పకుండా ఆపేయండి. లేకపోతే జనం పెరిగేకొద్దీ కెమెరా వెలుతురు పెంచేసి లెక్కలన్నీ తప్పుతాయి. ఖాళీ గోడ బొమ్మ ఒకటి తీసి పెట్టుకుని, ఏ పిక్సెల్ అయినా అందులోని వెలుగులో 60 శాతం కన్నా తగ్గితే అక్కడ మనిషి ఉన్నట్టు లెక్క. 320×240 సైజు సరిపోతుంది. ఆ ఆకారాన్ని గోడ మీద లేత బూడిద రంగులో వేస్తే, ఎవరి చేయి ఎక్కడుందో వాళ్లకే తెలుస్తుంది.

ప్రతి ఫ్రేమ్‌లోనూ అక్షరం అడుగున చీకటి ఉందా అని చూడండి. లేకపోతే కిందికి జరపండి, ఉంటే వెలుతురు తగిలేదాకా పైకి వెతకండి. ఒక్కో పిక్సెలే పైకి జరిపితే, వేగంగా లేపిన చేతిలోంచి అక్షరాలు జారిపోతాయి. 20 పిక్సెళ్ల దాకా వెతకనివ్వండి.

తెలుగు లాంటి లిపులకి వచ్చే చిక్కు ఒకటుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మాటని కోడ్‌ల వారీగా విడగొడితే పొల్లులూ గుడులూ విడిపోయి, చుక్కలతో గీసిన సున్నాలకి (◌) అతుక్కుని రాలతాయి. మీ కవితలోని అక్షరాల్ని ‘అ’, ‘మ్మ’, ‘స్త్రీ’ అంటూ చేత్తోనే జాబితా రాసుకోండి. ఒక్కోదాన్నీ బ్రౌజర్‌లో నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌తో ముందే బొమ్మగా గీయించి, ఆ బొమ్మల్నే రాల్చండి. కింది ఒత్తులు తెగిపోకుండా ప్రతి బొమ్మకీ అడుగున కాస్త ఖాళీ వదలాలి. అక్షరం కింద చీకటి ఉందా లేదా అన్నదీ ఆ ఒత్తుల అడుగు నుంచే కొలవండి, లేకపోతే ఒత్తు చేతిలోకి దిగబడినట్టు కనిపిస్తుంది.

రోజూ తలుపులు తెరిచేముందు ఖాళీ గోడ బొమ్మని మళ్లీ తీయించండి. రాత్రి ఎవరైనా కెమెరాని వేలెడంత కదిపినా, మనుషులు లేని చోట అక్షరాలు గాల్లో ఆగిపోతాయి.