రిస్టోర్ చేస్తే పాత డేటా వచ్చిందా? స్కూల్ సర్వర్ డేటాబేస్: సమస్య - పరిష్కారం

ఇక్కడ చెప్పేదంతా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డేటాబేస్ సాఫ్ట్‌వేర్) మీద నడిచే స్కూల్ సాఫ్ట్‌వేర్ గురించి. మేనేజ్‌మెంట్ స్టూడియోలో క్వెరీ నడపడం, సర్వీస్ ఆపి మళ్లీ మొదలుపెట్టడం మీకు వచ్చనే లెక్కతో రాస్తున్నాను.

సమస్య ఏదైనా ముందు సర్వర్ కంప్యూటర్ దగ్గరకే వెళ్లి రెండు చూడండి. డేటాబేస్ ఉన్న డ్రైవ్‌లోనూ బ్యాకప్ పడే డ్రైవ్‌లోనూ ఖాళీ ఎంత ఉంది? సర్వీసుల జాబితాలో ఎస్‌క్యూఎల్ సర్వర్ పక్కన 'రన్నింగ్' అని ఉందా? అర నిమిషం పని. ఇది వదిలేసి సాఫ్ట్‌వేర్‌నే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లే ఎక్కువ. డ్రైవ్ నిండితే ఫీజు రసీదు సేవ్ కాదు, హాజరు పడదు, రాత్రి బ్యాకప్ రాదు, ఒక్కోసారి రీస్టార్ట్ తర్వాత సర్వీసే లేవదు. చూడ్డానికి నాలుగు సమస్యలు, ఉన్నది ఒక్కటే.

సర్వర్‌లో తెరుచుకుంటోంది, మిగతా కంప్యూటర్లలో తెరుచుకోవడం లేదు

డేటాబేస్ బాగానే ఉంది, దాని జోలికి పోకండి. సర్వర్ ఐపీ అడ్రస్ మారిందేమో చూడండి. రౌటర్ ఇచ్చిన అడ్రస్‌తో నడిపితే ఎప్పుడో ఒకప్పుడు మారుతుంది. సర్వర్‌కు స్థిరమైన ఐపీ పెట్టండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన సర్వర్ అయితే కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో టీసీపీ/ఐపీ ఎనేబుల్ చేసి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి, ఎక్స్‌ప్రెస్‌లో అది ఆఫ్‌లోనే వస్తుంది. ఇన్‌స్టాన్స్ (సర్వర్‌లో ఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు పెట్టిన పేరు) పేరుతో కనెక్ట్ అవుతుంటే 'ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్' సర్వీస్ నడవాలి, ఫైర్‌వాల్‌లో యూడీపీ 1434 తెరిచి ఉండాలి. అది ఒక్కటే చాలదు. పేరున్న ఇన్‌స్టాన్స్ పోర్టు మారుతూ ఉంటుంది కాబట్టి, దాన్ని 1433కు కట్టేసి ఆ టీసీపీ పోర్టు కూడా తెరవండి.

సేవ్ నొక్కితే ఎర్రర్, డ్రైవ్‌లో మాత్రం ఖాళీ ఉంది

ఎర్రర్ నంబరు చదవండి. 1827 గానీ 1105 గానీ అయితే ఎక్స్‌ప్రెస్ పరిమితి తగిలి ఉండవచ్చు: ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ. 2025 వెర్షన్‌లో దీన్ని 50 జీబీకి పెంచారు. లాగ్ ఫైల్ (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ రాసుకునే ఫైల్) ఈ లెక్కలోకి రాదు. మార్కులు, రసీదులతో 10 జీబీ నిండటం కష్టం. దాదాపు ఎప్పుడూ విద్యార్థుల ఫొటోలు, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు టేబుల్‌లోనే దాచడం వల్ల నిండుతుంది. డేటాబేస్ మీద రైట్ క్లిక్ చేసి, రిపోర్ట్స్‌లో 'డిస్క్ యూసేజ్ బై టాప్ టేబుల్స్' చూస్తే దొంగ దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఫొటోలను ఫోల్డర్‌కు మార్చే వీలుంటే మార్చండి. ఆ రోజు నుంచి ఆ ఫోల్డర్ డేటాబేస్ బ్యాకప్‌లో రాదు, దాన్ని విడిగా కాపీ చేయాలి.

నంబరు 9002 అయి, పక్కన 'లాగ్ బ్యాకప్' అన్న మాట ఉంటే డేటాబేస్ ఫుల్ రికవరీ మోడల్‌లో (లాగ్ బ్యాకప్ తీసేదాకా లాగ్‌ను ఖాళీ చేయని పద్ధతి) ఉంది, లాగ్ బ్యాకప్ ఎవరూ తీయడం లేదు. రోజూ ఫుల్ బ్యాకప్ తీస్తున్నాంగా అంటారు. ఫుల్ బ్యాకప్ లాగ్‌ను ఖాళీ చేయదు. ప్రమాదం జరిగితే ఒక రోజు ఎంట్రీలు మళ్లీ కొట్టుకోగలం అనుకుంటే సింపుల్ రికవరీకి (లాగ్ దానంతటదే ఖాళీ అయ్యే పద్ధతి) మార్చి, లాగ్ ఫైల్‌ను ఒక్కసారి ష్రింక్ చేయండి, అంటే సైజు తగ్గించండి. కొట్టుకోలేం అనుకుంటే ఫుల్‌లోనే ఉంచి అరగంటకొకసారి లాగ్ బ్యాకప్ పెట్టండి. ష్రింక్ చేయాల్సింది లాగ్ ఫైల్‌ను మాత్రమే. డేటా ఫైల్‌ను వారం వారం ష్రింక్ చేసే షెడ్యూల్ ఎవరైనా పెట్టి ఉంటే తీసేయండి, ఇండెక్సులు చెల్లాచెదురై రిపోర్టులు నెమ్మదిస్తాయి.

బ్యాకప్ రోజూ పడుతోంది, రిస్టోర్ చేస్తే నెలల కిందటి డేటా వచ్చింది

ముంచేది ఇదే. ఫైల్ ఉంటుంది, దాని తేదీ నిన్న రాత్రిదే ఉంటుంది, సైజు బాగానే ఉంటుంది. రిస్టోర్ ఎర్రర్ లేకుండా పూర్తవుతుంది. తెరిచి చూస్తే చివరి రసీదు ఎప్పటిదో. వెంటనే బ్యాకప్ పాడైందనో, వైరస్ అనో నిర్ణయానికి వచ్చేస్తారు. అలాంటిదేమీ జరగలేదు.

బ్యాకప్ కమాండ్‌లో 'విత్ ఇనిట్' అని రాయకపోతే ఎస్‌క్యూఎల్ సర్వర్ పాత ఫైల్‌ను చెరిపి కొత్తది రాయదు. అదే ఫైల్ చివర కొత్త బ్యాకప్‌ను అతికిస్తుంది. రోజూ ఒకే పేరుతో ఉన్న బ్యాకప్ (.bak) ఫైల్‌కు తీస్తుంటే, 60 రోజుల తర్వాత ఆ ఒక్క ఫైల్‌లో 60 బ్యాకప్‌లు వరుసగా ఉంటాయి. మేనేజ్‌మెంట్ స్టూడియో బ్యాకప్ విండోలోనూ 'అపెండ్' అన్నదే ముందుగా ఎంచి ఉంటుంది. రిస్టోర్ కమాండ్‌లో ఎన్నోది కావాలో చెప్పకపోతే 1 అని తీసుకుంటుంది. అంటే మొట్టమొదటిది, అన్నిటికన్నా పాతది.

ఇంకో మెలిక ఉంది. జాగ్రత్తపరులు బ్యాకప్ తర్వాత, అది బాగుందో లేదో పరీక్షించే 'రిస్టోర్ వెరిఫైఓన్లీ' కూడా పెడతారు. నంబరు చెప్పకపోతే అదీ ఒకటో బ్యాకప్‌నే పరీక్షిస్తుంది. రెండు నెలలుగా ప్రతి రాత్రి మొదటి రోజు బ్యాకప్‌నే పరీక్షించి బాగుందని చెబుతూ వస్తుందన్నమాట.

అనుమానం తీర్చుకోవడానికి సైజు చాలు. డేటాబేస్‌లో డేటా 2 జీబీ ఉంటే ఎక్స్‌ప్రెస్ బ్యాకప్ కూడా దాదాపు అంతే ఉండాలి, ఎందుకంటే ఎక్స్‌ప్రెస్‌లో బ్యాకప్ కంప్రెషన్ లేదు. ఫైల్ 120 జీబీ ఉందంటే ఇక వేరే ఆధారం అక్కర్లేదు. ఖాయం చేసుకోవాలంటే ఆ ఫైల్ మీద 'రిస్టోర్ హెడర్‌ఓన్లీ' నడపండి. ఒక్కో బ్యాకప్‌కు ఒక్కో వరుస వస్తుంది. అందులో 'పొజిషన్' నంబరు, 'బ్యాకప్ ఫినిష్ డేట్' తేదీ చూడండి.

ఇప్పుడు డేటా వెనక్కు తెచ్చుకోవడం:

1. ఆ లావుపాటి ఫైల్‌ను డిలీట్ చేయకండి, మీ నిన్నటి డేటా దాని చివర్లో ఉంది. దాన్ని వేరే డిస్క్‌కు కాపీ చేయండి.
2. ఇప్పుడు సర్వర్‌లో ఉన్న డేటాబేస్‌ను, అది పాతదైనా సరే, కొత్త పేరుతో బ్యాకప్ తీయండి. రిస్టోర్ తర్వాత ఎవరైనా రసీదులు కొట్టి ఉంటే అవి అందులోనే ఉంటాయి.
3. హెడర్ జాబితాలో చివరి తేదీ ఉన్న పొజిషన్ నంబరు రాసుకోండి. 60 అనుకుందాం.
4. 'రిస్టోర్ ఫైల్‌లిస్ట్‌ఓన్లీ'తో డేటా, లాగ్ ఫైళ్ల లాజికల్ పేర్లు తెలుసుకోండి.
5. 'ఫైల్ = 60' అని ఇచ్చి, రెండు ఫైళ్లకూ 'మూవ్' తో కొత్త దారి చూపిస్తూ, డేటాబేస్‌కు వేరే పేరు పెట్టి రిస్టోర్ చేయండి. అసలు డేటాబేస్ మీద 'రీప్లేస్' వాడకండి.
6. చివరి రసీదు నంబరు, చివరి అడ్మిషన్, నిన్నటి హాజరు చూడండి. మూడూ సరిపోతేనే సాఫ్ట్‌వేర్‌ను దానికి కలపండి.

మళ్లీ ఇలా జరగకుండా ఉండాలంటే ఫైల్ పేరులో తేదీ పెట్టండి, 'ఇనిట్' కూడా రాయండి, దాంతో పాటు డేటా పాడైతే పట్టించే 'చెక్‌సమ్' చేర్చండి. పేరు మార్చకుండా ఇనిట్ ఒక్కటే పెడితే ఇంకో గొయ్యి: రాస్తుండగా కరెంటు పోతే నిన్నటిదీ పోయింది, ఇవాళ్టిదీ లేదు. తేదీని బ్యాచ్ ఫైల్‌లోని డేట్ వేరియబుల్ నుంచి తీసుకోవద్దు, కంప్యూటర్ తేదీ ఫార్మాట్‌ను బట్టి మధ్యలో గీతలు వచ్చి దారి తప్పుతుంది. ఎస్‌క్యూఎల్‌లోనే కన్వర్ట్ ఫంక్షన్‌కు 112 స్టైల్ ఇస్తే ఏడాది, నెల, రోజు కలిపి 8 అంకెలు వస్తాయి. పేరు ప్రకారం వరుస పెట్టినా తేదీల క్రమం తప్పదు. 14 రోజులకన్నా పాతవి తీసేయండి, నెలాఖరుది మాత్రం ఏడాది ఉంచండి. ఒక కాపీ సర్వర్‌కు ఎప్పుడూ గుచ్చి ఉండని డిస్క్‌లో ఉండాలి. గుచ్చే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు.

బ్యాకప్ ఫైల్ అసలు రావడం లేదు

ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (వేళకు పనులు తానే నడిపే సర్వీస్) ఉండదు, కాబట్టి విండోస్ టాస్క్ షెడ్యూలర్ మీదే ఆధారం. యూజర్ లాగిన్ అయి ఉన్నప్పుడే నడిచేలా టాస్క్ పెట్టి రాత్రికి లాగాఫ్ చేసి వెళ్తే అది నడవదు. 'లాస్ట్ రన్ రిజల్ట్' సున్నా ఉందని నమ్మకండి: ఎస్‌క్యూఎల్‌సీఎండీకి (టాస్క్ నుంచి బ్యాకప్ కమాండ్‌ను నడిపే sqlcmd ప్రోగ్రామ్) చిన్న 'బి' స్విచ్ (-b) ఇవ్వకపోతే బ్యాకప్ విఫలమైనా అది సున్నానే చెప్పవచ్చు.

ఎర్రర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ 5 అని ఉంటే ఫోల్డర్‌లో రాసే అనుమతి లేదు. అనుమతి ఇవ్వాల్సింది మీ లాగిన్‌కు కాదు, ఎస్‌క్యూఎల్ సర్వీస్ అకౌంట్‌కు. 3 అని ఉంటే దారి దొరకలేదు. మీరు మ్యాప్ చేసుకున్న జెడ్ డ్రైవ్ ఆ సర్వీస్‌కు కనిపించదు, పూర్తి నెట్‌వర్క్ దారి ఇవ్వండి. క్లయింట్ కంప్యూటర్‌లో కూర్చుని డీ డ్రైవ్ అని రాస్తే అది సర్వర్ డీ డ్రైవ్. ఫైల్ కోసం మీ కంప్యూటర్‌లో వెతకడం దండగ.

అరుదుగా వచ్చేవి

ఉదయం మొదటిసారి తెరిచినప్పుడే నెమ్మదిగా ఉంటే, ఎవరూ వాడనప్పుడు డేటాబేస్‌ను మూసేసే 'ఆటో క్లోజ్' ఆఫ్ చేయండి. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో ఎక్కదు, దానికి దారి లేదు. డేటాబేస్ పేరు పక్కన 'సస్పెక్ట్' (పాడై ఉండవచ్చు) అని కనిపిస్తే దాన్ని సర్వర్ నుంచి డిటాచ్ చేయకండి, మళ్లీ అటాచ్ కాకపోవచ్చు. ఎర్రర్ లాగ్ చదివి డిస్క్ పరీక్షించండి, మంచి బ్యాకప్ ఉంటే రిస్టోర్ చేయండి. డీబీసీసీ చెక్‌డీబీ రిపేర్ ఆప్షన్‌లో 'అలౌ డేటా లాస్' అని పేరులోనే రాసి ఉంది, ఏ దారీ లేనప్పుడు వాడేది అది.