పోటు పట్టిక చేతబట్టి లిండిస్‌ఫార్న్ నడక

ఇంగ్లండ్‌లో పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లే మన హైదరాబాదు వారు సాధారణంగా ముందు రైలు టికెట్లు కొనుక్కుని, తర్వాత చూడవలసిన చోట్ల గురించి ఆలోచిస్తారు. ఈశాన్యాన నార్తంబర్లాండ్ తీరంలో ఉన్న లిండిస్‌ఫార్న్‌కు ఇసుక మీదుగా నడిచి వెళ్లాలనుకునేవారు మాత్రం ముందు పోటు పట్టిక చూసి, ఆ తర్వాతే టికెట్టు కొనాలి. హోలీ ఐలాండ్ అని కూడా పిలిచే ఈ ఊరు పోటు వచ్చినప్పుడు ద్వీపమవుతుంది, ఆటు వచ్చినప్పుడు నేలతో కలుస్తుంది. ఇది రోజుకు రెండుసార్లు జరుగుతుంది. 1954లో వేసిన కాజ్‌వే మీద వాహనాలు వెళతాయి కానీ, పోటు వేళ ఆ రోడ్డు కూడా నీటిలో మునిగిపోతుంది. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మూసారాంబాగ్ దగ్గర మూసీ వంతెన మునగడం మనం చూసినదే. ఇక్కడైతే పోలీసులు బారికేడ్లు పెట్టి మనల్ని ఆపుతారు. అక్కడ హెచ్చరిక బోర్డులు, వేళల పట్టిక తప్ప అడ్డుగా గేటు ఏదీ ఉండదు. జాగ్రత్త పూర్తిగా మనదే.

ఆటుపోట్ల లెక్క పంచాంగం చూసే అలవాటున్న వారికి సులభంగానే అర్థమవుతుంది. ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి, ఈ రోజు ఆటు వచ్చిన వేళకు దాదాపు 50 నిమిషాలు కలిపితే రేపటి వేళ వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎత్తుకు లేస్తుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గుతుంది. ఆ తీరంలో పెద్ద పోటు రోజుల్లో నీరు మధ్యాహ్నం తిరిగాక నిండుతుంది, అంటే ఉదయం ఇసుక బయటపడి ఉంటుంది. పొద్దున్నే నడవదలచిన వారికి ఈ రోజులే అనుకూలం. అయితే పంచాంగం చూసి నెలలో ఏ వారమన్నది మాత్రమే తేల్చుకోవాలి. గంటలు, నిమిషాలు నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ ప్రకటించే పట్టికలోనే చూడాలి. వేరే పోటు పట్టికలు కూడా చూసేవారు అవి గ్రీనిచ్ కాలమానంలో ఉన్నాయేమో గమనించాలి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా అక్కడి గడియారాలు దానికంటే ఒక గంట ముందుంటాయి.

కౌన్సిల్ పట్టికను అపార్థం చేసుకుంటేనే అసలు ప్రమాదం. అందులోని సురక్షిత వేళలు కాజ్‌వే మీద వెళ్లే వాహనాలకు సంబంధించినవి, ఇసుక మీద నడిచేవారికి కావు. సుమారు అయిదు కిలోమీటర్ల ఈ నడకకు తడి ఇసుకలో రెండు గంటలు పడుతుంది, పెద్దవారికైతే ఇంకా ఎక్కువే. అందువల్ల నీరు తగ్గుతున్నప్పుడే బయలుదేరి, పట్టికలోని సురక్షిత వేళకు సరిగ్గా మధ్య సమయం వచ్చేలోపు అవతలి ఒడ్డు చేరాలి. ఉదాహరణకు, రోడ్డు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 వరకు తెరిచి ఉంటుందని పట్టికలో ఉంటే, నడిచేవారికి 10 గంటలే గడువు. ఆ లోపు చేరలేమనిపిస్తే ఆ రోజు నడక మానుకుని రోడ్డు మీదుగా వెళ్లడమే మంచిది.

ఇంత కచ్చితంగా ఎందుకంటే, పోటు ఒకే వేగంతో రాదు. నీరు పెరిగే ఆరు గంటలను తీసుకుంటే, మొదటి గంటలో మొత్తం ఎత్తులో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు పెరిగి, ఆ తర్వాత మళ్లీ నెమ్మదిస్తుందని నావికుల లెక్క. అంటే మొదటి గంటలో చూసి ‘ఇంతేగా’ అనుకున్నవారిని మధ్య రెండు గంటల్లో సగం సముద్రం ముంచెత్తుతుంది. పైగా నీరు ఎప్పుడూ ఎదురుగా అలల రూపంలోనే రాదు. ఇసుకలోని పల్లపు కాలువల గుండా ముందే చుట్టుకుని వచ్చి, వెనక్కి వెళ్లే దారిని మూసేయగలదు. సముద్రం నుంచి ఒడ్డుకు గాలి బలంగా వీచే రోజున పట్టికలో చెప్పిన వేళకన్నా ముందే రోడ్డు మునగవచ్చు.

లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి ద్వీపానికి దగ్గరలోని బెరిక్ అపాన్ ట్వీడ్ పట్టణానికి రైలులో నాలుగు గంటల లోపే చేరవచ్చు. ఉదయపు ఆటుకు నడవాలంటే ముందు రాత్రి బెరిక్‌లో ఉండక తప్పదు. అక్కడి నుంచి బీల్ గ్రామం దాటి కాజ్‌వే మొదలయ్యే చోటికి ముందుగా మాట్లాడుకున్న టాక్సీలో వెళ్లడం నయం.

ఇసుకలో పొడుగు కర్రలు వరుసగా పాతి ఉంటాయి. యాత్రికుల దారి అవే చూపుతాయి. వాటిని వదిలి, దగ్గరి దారి అనుకుని పక్కకు వెళితే మోకాలి లోతు బురదలో దిగబడే ప్రమాదం ఉంది. మంచి బూట్లు పాడవుతాయి కాబట్టి, చాలామంది వేసవిలో చెప్పులు చేతబట్టుకుని వట్టి కాళ్లతో నడుస్తారు. గవ్వ పెంకులు గుచ్చుకుంటాయని భయపడేవారు పాత కాన్వాస్ బూట్లు వేసుకోవచ్చు. జూన్‌లో కూడా గాలి చల్లగానే ఉంటుంది కనుక గాలికీ వానకూ ఆగే జాకెట్టు తప్పనిసరి. ఆ తీరంలో సముద్రపు పొగమంచు ఉన్నట్టుండి కమ్ముతుంది. తర్వాతి కర్ర కనిపించనంత దట్టంగా ఉంటే బయలుదేరకూడదు. దారిలో మన పొలాల్లోని మంచెల వంటి కర్ర గదులు నిలువెత్తు స్తంభాల మీద కట్టి ఉంటాయి. నీటిలో చిక్కుకున్నవారు ఒడ్డుకు పరుగెత్తే ప్రయత్నం చేయకుండా మెట్లెక్కి వాటిలో కూర్చుని, 999కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డును అడగాలి.

ద్వీపం చేరాక మధ్యాహ్నం దాటి సుమారు అయిదు గంటల పాటు రోడ్డు మునిగి ఉంటుంది కాబట్టి, చూడవలసినవన్నీ ఆ సమయంలో చూసుకోవచ్చు. 635లో ఎయిడన్ అనే క్రైస్తవ సన్యాసి ఇక్కడ మఠం స్థాపించాడు, 793లో వైకింగులనే సముద్రపు దోపిడీదారులు దానిపై దాడి చేశారు. ఇప్పుడు కనిపించే ప్రయరీ (క్రైస్తవ మఠం) శిథిలాలు ఆ తర్వాతి కాలానివి. గుట్ట మీది కోటను ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో నివాసంగా మార్చినది వాస్తుశిల్పి ఎడ్విన్ లుట్యెన్స్. ఢిల్లీలో నిజాం కోసం హైదరాబాద్ హౌస్ రూపొందించినదీ ఆయనే. ఆ పరిచయంతో కోట గదుల్లో తిరుగుతుంటే మనవాళ్లకు ప్రత్యేకంగా అనిపిస్తుంది. ఒడ్డున బోర్లించిన పాత పడవలను సామాన్ల గదులుగా వాడుతుంటారు. వాటిని చూస్తూ పులిహోర పొట్లాలు విప్పుకోవచ్చు. నిశ్శబ్దంగా ఉంటే దూరపు ఇసుక తిప్పల మీది సీల్ అనే సముద్ర జంతువుల కూతలు కూడా వినిపిస్తాయి.

తిరుగు ప్రయాణానికి మళ్లీ ఇసుక దారి పట్టవద్దు. సాయంత్రం రోడ్డు తెరుచుకున్నాక బస్సులోనో టాక్సీలోనో బెరిక్ చేరాలి. ఆ బస్సు అన్ని రోజులూ నడవదు, దాని వేళలు కూడా ఆటుపోట్లను బట్టి మారుతుంటాయి. కనుక టాక్సీ అతనితో ఉదయమే తిరుగు వేళ మాట్లాడుకుని, లండన్ రైలుకు మరుసటి రోజు టికెట్టు తీసుకోవాలి.