వ్యాంకోమైసిన్ ఎక్కించేటప్పుడు: ప్రతి డోసుకు ముందు మూత్రం లెక్క చూడండి

న్యుమోనియా తగ్గుముఖం పట్టి, జ్వరం దిగి, వెంటిలేటర్ కూడా తీసేసిన రోగికి సరిగ్గా ఆ దశలో మూత్రపిండాలు దెబ్బతిని డయాలసిస్ చేయవలసి వచ్చిన ఉదంతం ఒకటి ఇటీవల నా దృష్టికి వచ్చింది. కేస్ షీటు తిరగేస్తే, మొదటి రోజు రాసిన వ్యాంకోమైసిన్ (డ్రిప్‌లో ఎక్కించే యాంటీబయాటిక్) డోసు, మూత్రం సగానికి పడిపోయిన తరువాత కూడా అంకె మారకుండా కొనసాగినట్లు కనిపించింది. ఇలాంటి కేస్ షీట్లు ఇంతకు ముందు కూడా చూశాను.

ఆసుపత్రిలో చేరి 48 గంటలు దాటాక వచ్చే న్యుమోనియాలో, మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి ఉందన్న అనుమానం ఉంటే ఈ మందు మొదలుపెడతారు. రోగి పేరు సరిచూడడం, అలర్జీ అడగడం వంటివి అందరికీ తెలిసినవే కనుక ఇక్కడ రాయడం లేదు.

మూత్రపిండాల సంగతి: ఈ మందు శరీరం నుంచి ప్రధానంగా మూత్రం ద్వారానే బయటకు పోతుంది. మూత్రపిండాలు మందగిస్తే నిన్నటి మందు ఒంట్లో ఉండగానే నేటి మందు చేరుతుంది, ఆ పోగుపడిన మందు వాటినే మరింత దెబ్బతీస్తుంది. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండలేము, ఎందుకంటే దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకు గానీ ఆ అంకె పెరగదు. పైగా కండ కరిగిపోయిన వృద్ధులలో మూత్రపిండాలు బలహీనంగా ఉన్నా అది మామూలుగానే కనిపిస్తుంది. చాలాసార్లు మూత్రమే ముందుగా చెబుతుంది. 60 కిలోల రోగికి ఆరు గంటల పాటు గంటకు 30 మిల్లీలీటర్ల కన్నా తక్కువ వస్తూ ఉంటే, మూత్రపు గొట్టం మూసుకుపోలేదని నిర్ధారించుకుని, తదుపరి డోసు ఎక్కించక ముందే వైద్యునికి తెలియజేయాలి. క్రియాటినిన్ 48 గంటలలో డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా ఇదే నియమం వర్తిస్తుంది.

ఎక్కించే వేగం: నిమిషానికి 10 మిల్లీగ్రాములు మించకూడదు, అంటే 1 గ్రాముకు 100 నిమిషాలు పడుతుంది. త్వరగా అయిపోతుందని పక్కనున్నవారు డ్రిప్ చక్రాన్ని బొటనవేలితో పైకి జరపడం నేను చూశాను. అలా చేస్తే ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి దురద పుడుతుంది, రక్తపోటు పడిపోవచ్చు. అప్పుడు డ్రిప్ ఆపి నర్సును పిలవాలి. ఎరుపు మాత్రమే అయితే తరువాత నెమ్మదిగా ఎక్కించవచ్చు గానీ, గొంతు వాచినా పిల్లికూతలు వినిపించినా అది నిజమైన అలర్జీ కావచ్చు.

మిగిలినవి వరుసగా చెబుతాను. పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ అనే మరో యాంటీబయాటిక్‌తో కలిపి ఇస్తున్న రోజులలో క్రియాటినిన్ ప్రతిరోజూ చూడండి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ ఇవ్వవద్దు. ఈ రెండు యాంటీబయాటిక్‌లను ఒకే గొట్టంలో కలపవద్దు, మధ్యలో సెలైన్‌తో కడగండి. కాన్యులా దగ్గర మంటగా ఉందని రోగి అంటే వెంటనే ఆపి చూడండి, ఎందుకంటే ఈ మందు నరం బయటికి కారితే అక్కడి కండ కుళ్లవచ్చు. కండకు ఇంజెక్షన్‌గా ఎప్పుడూ ఇవ్వవద్దు. మందు స్థాయి కోసం రక్తాన్ని మందు ఎక్కిన గొట్టం నుంచి తీయవద్దు, అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. చెవుల్లో హోరు మొదలైతే చెప్పండి. కల్చర్ (ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష) రిపోర్టులో ఆ స్టాఫిలోకాకస్ క్రిమి లేదని తేలితే, మందు ఇంకా అవసరమా అని ఆ రోజే అడగండి. డోసును మీ అంతట మీరు తగ్గించవద్దు, మానవద్దు. రాత్రి డ్యూటీ నుంచి ఉదయం డ్యూటీకి అప్పగించేటప్పుడు మూత్రం లెక్కను నోటితో చెప్పి వదిలేయకండి, చార్టులో రాయండి. మూత్రం తగ్గిందని అర్ధరాత్రి తెలిస్తే ఉదయం రౌండ్స్ దాకా ఆగవద్దు. డోసు ఎక్కించక ముందే డ్యూటీ డాక్టరును లేపండి.