న్యాయవాదిని తీసుకెళ్లి ఆచూకీ చెప్పకపోతే విశాఖలో ఏం చేయాలి?

మఫ్టీలో వచ్చినవారు ఒక న్యాయవాదిని కారెక్కించుకుని వెళ్లిపోయి, ఏ స్టేషన్‌లో అడిగినా "మా దగ్గర లేరు" అన్న జవాబే వస్తే, దాన్ని మామూలు అరెస్టుగా చూడకూడదు. అరెస్టే జరగలేదన్నప్పుడు బెయిలు ఎవరిని అడుగుతాం? కాబట్టి మొదట అడగవలసింది విడుదల కాదు, ఆయన్ను చూపించమని.

ముందుగా, కళ్లారా చూసినవారి చేత సమయం, చోటు, బండి నంబరు వారి మాటల్లోనే రాయించి సంతకం తీసుకోవాలి; రెండు రోజులు గడిస్తే చూసినది, విన్నది కలిసిపోతాయి. వీధిలోని దుకాణాల సీసీ కెమెరా దృశ్యాలను అదే రోజు కాపీ చేయించుకోవాలి.

తర్వాత స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగాలి, ఇవ్వకపోతే ఆ ఫిర్యాదునే నగర పోలీస్ కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో పంపాలి. "లేరు" అని ఎవరు, ఎన్ని గంటలకు చెప్పారో రాసుకోవడం మరవకూడదు, రేపు కోర్టులో అదే అక్కరకొస్తుంది.

అరెస్టయినవారిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుంచాలని రాజ్యాంగం 22వ అధికరణ చెబుతున్నా, ఆ గడువు దాటేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. కుటుంబ సభ్యులు గానీ తోటి న్యాయవాది గానీ 226వ అధికరణ కింద అమరావతిలోని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు చూపించమని కోరేది) వేయవచ్చు. స్టేషన్ల సీసీ కెమెరా దృశ్యాలను కనీసం ఏడాది భద్రపరచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది గనుక, వాటిని చెరపకుండా ఉంచమని కూడా అందులో కోరాలి. 1984లో సెబాస్టియన్ హోంగ్రే కేసులో, మణిపూర్‌లో సైనిక శిబిరానికి తీసుకెళ్లిన ఇద్దరు తిరిగి వెళ్లిపోయారన్న వాదనను సుప్రీంకోర్టు నమ్మక, వారి భార్యలకు చెరి లక్ష రూపాయలు ఇప్పించింది.

ఇక ఉద్యమం. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ఎదుట గాంధీ విగ్రహం దగ్గర ధర్నాకు అనుమతి కోరుతూ లేఖ ఇచ్చి, బ్యానర్‌పై ఫొటో, తీసుకెళ్లిన తేదీ, "ఎక్కడ?" అన్న ప్రశ్న మాత్రమే ఉంచాలి, పది సంఘాల పది డిమాండ్లు చేరితే ఆ మనిషి కనుమరుగవుతాడు. ధర్నా కన్నా నాకు ఎక్కువ నమ్మకం మరో పనిపై ఉంది: ఆయన వాయిదాలకు సహచరులు హాజరై, వకీలు ఎందుకు రాలేదో ప్రతి కోర్టులో చెప్పి రికార్డు చేయించాలి.

కుటుంబం సమ్మతిస్తే, 1980లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి బలవంతపు అదృశ్యాల కార్యాచరణ బృందానికి కూడా రాయవచ్చు.

ఆయన్ను కోర్టుకు తెచ్చిన రోజున వైద్య పరీక్ష కోరి, అరెస్టు మెమోలోని తేదీని మొదటి రోజు రాయించిన కాగితంతో పోల్చి, తేడా ఉంటే మేజిస్ట్రేట్‌కు అప్పుడే చెప్పాలి.