కార్ట్రిడ్జ్‌లో ఇంకు ఉంది, ప్రింటర్ మాత్రం కదలదు

అమెరికాలో ఉంటూ, ప్రింటర్ ఇంకును ఇంటికే పంపే హెచ్‌పీ ఇన్‌స్టంట్ ఇంక్ లాంటి నెలవారీ ప్లాన్ తీసుకున్నవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కులివి. ప్రింటర్ పాడైందని కొత్తది కొనేముందు ఒకసారి చూసుకోండి.

సమస్య: ఇంకు సగం పైనే ఉంది. నిన్నటిదాకా బాగానే పనిచేసింది. ఇవాళ ఈ కార్ట్రిడ్జ్ చెల్లదంటోంది.

కారణం: ప్లాన్ కింద పోస్టులో వచ్చిన కార్ట్రిడ్జ్ మీ సొంతం కాదు, కంపెనీదే. మీరు డబ్బు కట్టేది పేజీల లెక్కకు, ఇంకుకు కాదు. ప్లాన్ రద్దు చేస్తే ఆ నెల బిల్లింగ్ గడువు అయిపోగానే అవి ఆగిపోతాయి, లోపల ఎంత ఇంకున్నా సరే. క్రెడిట్ కార్డు గడువు తీరి డబ్బు కట్ కాకపోయినా, ప్రింటర్‌కు చాలా రోజులు ఇంటర్నెట్ అందకపోయినా ఇదే పరిస్థితి. రౌటర్ మార్చి, ప్రింటర్‌లో కొత్త పాస్‌వర్డ్ పెట్టడం మరిచిపోయి కంగారుపడేవాళ్లూ ఉంటారు.

పరిష్కారం: ముందు వైఫై, తర్వాత ఖాతాలో ఉన్న కార్డు వివరాలు చూడండి. రద్దు చేసుకున్నవాళ్లయితే షాపులో అమ్మే మామూలు కార్ట్రిడ్జ్ వేస్తే చాలు. అది ముందే కొనిపెట్టుకుని ఆ తర్వాత రద్దు చేస్తే టెన్షన్ ఉండదు.

సమస్య: ప్రింట్ తీసేది తక్కువ, బిల్లు మాత్రం నెలనెలా వస్తోంది. ఒక్కోసారి ఎక్కువే వస్తోంది.

కారణం: నాలుగు అక్షరాలున్న రిటర్న్ లేబులైనా, పేజీ నిండా రంగుల ఫొటో అయినా లెక్కలో ఒకటే పేజీ. పిల్లల ఫొటోలు తెగ ప్రింట్ చేసే ఇంటికి ఇది నిజంగా లాభమే. మన ఇళ్లలో వాడకం వేరు. నెలల తరబడి ప్రింటర్ ముట్టుకోం. హెచ్-1బీ పొడిగింపో, గ్రీన్‌కార్డు ఫైలింగో వచ్చిందంటే ఒకే వారంలో వందల పేజీలు. మిగిలిన పేజీలు తర్వాతి నెలకు జమ అవుతాయి గానీ దానికో హద్దుంది. ప్లాన్ పేజీలూ, జమ అయినవీ అయిపోయాక తీసే అదనపు పేజీలకు వేరే చార్జీ.

2024లో హెచ్‌పీ ప్రింటర్‌నే అద్దెకిచ్చే ప్లాన్ పెట్టింది. అందులో అన్నిటికంటే చిన్నది అప్పట్లో నెలకు 20 పేజీలకు 6.99 డాలర్లు, అంటే పేజీకి దాదాపు 35 సెంట్లు. ప్రింటర్ కూడా అందులోనే అనుకోండి, అయినా నెలకు ఐదు పేజీలే తీస్తే ఒక్కోటి 1.40 డాలర్లు పడుతుంది. ప్రింటింగ్‌ను సబ్‌స్క్రిప్షన్‌గా మార్చడమే తమ దీర్ఘకాల లక్ష్యమని ఆ ఏడాది జనవరిలో హెచ్‌పీ అప్పటి సీఈఓ ఎన్రిక్ లోరెస్ టీవీలోనే చెప్పారు. దాపరికమేమీ లేదు.

పరిష్కారం: ఏడాదిలో కట్టిన మొత్తాన్ని నిజంగా తీసిన పేజీలతో భాగించి చూడండి. ఫైలింగ్ ఉన్న నెలలో ముందే పెద్ద ప్లాన్‌కు మారి, పని కాగానే తగ్గించుకోండి. మరీ తక్కువ వాడేవాళ్లకు ఊళ్లోని పబ్లిక్ లైబ్రరీయే నయం. వాడకం ఎక్కువుంటే, సీసాతో ఇంకు పోసుకునే ట్యాంక్ ప్రింటర్ మన ఊళ్లలో అలవాటైనదే, అక్కడా దొరుకుతుంది. కొనేటప్పుడు ధర ఎక్కువ, తర్వాత ఖర్చు తక్కువ.

సమస్య: ప్రింటర్ ఇంట్లో సంగతులు బయటికి చెబుతోందేమోనని అనుమానం.

కారణం: కొంత చెబుతుంది. ఇన్‌స్టంట్ ఇంక్ షరతుల్లోనే ఆ జాబితా ఉంది: పేజీల సంఖ్య, ఇంకు ఎంత ఉంది, ఫైలు వర్డా పీడీఎఫా జేపెగ్గా, ప్రింట్ ఏ రకం పరికరం నుంచి వచ్చింది. పేజీలో ఏం రాసుందన్నది ఆ జాబితాలో లేదు. కానీ ఇంట్లో పనుల జోరు ఎప్పుడు పెరిగిందో ఈ లెక్కలే పట్టిస్తాయి.

పరిష్కారం: యాప్ సెట్టింగుల్లో వాడకం వివరాలు పంపే ఆప్షన్ ఆపేయండి. అయినా ప్లాన్ ఉన్నన్నాళ్లూ పేజీల లెక్క పోతూనే ఉంటుంది. యూఎస్‌బీ కేబుల్‌తో ప్రింట్ తీసినా అంతే, ప్రింటర్ నెట్‌లోనే ఉంటుంది కదా. అదీ వద్దంటే ప్లాన్ మానేసి, మామూలు కార్ట్రిడ్జ్ వేసి, ప్రింటర్ వైఫై ఆపి కేబుల్‌తో నడుపుకోవాలి.

సమస్య: వేరే కంపెనీ కార్ట్రిడ్జ్ వేస్తే ఒప్పుకోవడం లేదు.

కారణం: కార్ట్రిడ్జ్‌లోని చిప్‌ను గుర్తుపట్టి ఆపేసే ఏర్పాటు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో వస్తుంది. 2016 సెప్టెంబరులో ఒక్కసారిగా చాలా హెచ్‌పీ ప్రింటర్లు మొరాయించి గొడవైంది ఇందుకే.

పరిష్కారం: ఆటోమేటిక్ అప్‌డేట్లు ముందే ఆపుకోవాలి, ఒకసారి ఎక్కాక వెనక్కి తీయడం కష్టం. హెచ్‌పీ ప్లస్ (మొదటిసారి సెటప్‌లో ఒప్పుకునే కంపెనీ స్కీమ్) కింద సెటప్ చేసిన ప్రింటర్‌కైతే ఈ చిట్కాలు పనికిరావు. దానికి ఎప్పుడూ ఇంటర్నెట్ ఉండాలి, ఎప్పుడూ హెచ్‌పీ ఇంకే వాడాలి.